లెక్కలు అక్కర్లేదని పిల్లలకు చెప్పకండి: అమీర్‌పేట నెట్‌వర్కింగ్ శిక్షణ సంస్థలకు బహిరంగ లేఖ

అమీర్‌పేట, మైత్రీవనం, ఎస్‌.ఆర్‌. నగర్ ప్రాంతాల్లో నెట్‌వర్కింగ్ కోర్సులు నడుపుతున్న సంస్థల నిర్వాహకులకు, అక్కడ పాఠాలు చెబుతున్న అధ్యాపకులకు నమస్కారం.

నేను హైదరాబాద్‌లోనే నెట్‌వర్క్ ఇంజినీరుగా పనిచేస్తున్నాను. మా విభాగంలోకి కొత్తవాళ్లను తీసుకునేటప్పుడు ఇంటర్వ్యూ చేసేవాళ్లలో నేనూ ఒకడిని. నా ఎదుట కూర్చునే పిల్లల్లో చాలామంది మీ దగ్గర చదువుకున్నవాళ్లే. నల్లగొండ నుంచో శ్రీకాకుళం నుంచో డిగ్రీ పట్టా పట్టుకుని వచ్చి, హాస్టల్ గదిలో నలుగురితో సర్దుకుని, ఇంట్లోవాళ్లు అప్పు చేసి పంపిన డబ్బుతో ఫీజు కట్టి నేర్చుకున్నవాళ్లు. కాలేజీ పుస్తకంలో బొమ్మగా మాత్రమే చూసిన రూటర్‌ను వాళ్లు మొదటిసారి చేత్తో ముట్టుకున్నది మీ ల్యాబులో. ఈ నగరంలోని డేటా సెంటర్లలో, ఇంటర్నెట్ సంస్థల్లో రాత్రింబవళ్లు పనిచేస్తున్న ఎందరికో తొలి గురువులు మీరే. అందుకే మీ నోట వచ్చే ప్రతి మాటా ఆ పిల్లలకు వేదవాక్కు. అలాంటి మాట ఒకదాన్ని మానుకోమని అడగడానికే ఈ లేఖ.

కోర్సు గురించి కనుక్కోవడానికి వచ్చిన పిల్లలకు కౌన్సెలింగ్ బల్ల దగ్గర చెప్పే మాట అది. 'కోడింగ్ రాకపోయినా, లెక్కలు రాకపోయినా నెట్‌వర్కింగ్‌లో స్థిరపడవచ్చు.' ఇంటర్వ్యూకు వచ్చినవాళ్లను ఈ రంగం ఎందుకు ఎంచుకున్నారని అడిగితే ఇదే మాటను నాకు తిరిగి అప్పజెబుతారు. ఆ మాట ఎందుకు పుట్టిందో నాకు తెలియకపోలేదు. ఇంటర్‌లో బైపీసీ, సీఈసీ చదివినవాళ్లు, గణితం పేపరు రెండుమూడు సార్లు రాసి గట్టెక్కినవాళ్లు మీ గుమ్మం ముందు భయం భయంగా నిలబడతారు. వాళ్లకు ధైర్యం చెప్పాలి. అయితే ఆ మాటతో వచ్చే ధైర్యం ఉద్యోగంలో చేరిన మొదటి నెలకే కరిగిపోతుంది. ఆ తర్వాత ఏమవుతుందో మీరు చూడరు, మేం చూస్తాం. ఫిర్యాదు నమోదు చేసుకుని పై స్థాయికి పంపే పని దగ్గరే ఆ పిల్లలు ఆగిపోతారు. తెలివి తక్కువై కాదు, ఒకటి రెండు పుటల్లో సరిపోయే లెక్కలను ఎవరూ కూర్చోబెట్టి చెప్పకపోవడం వల్ల.

ఇంటర్వ్యూలో నేను అడిగే ప్రశ్నల్లో ఒకటి ఇలా ఉంటుంది. ఒక కంప్యూటర్ చిరునామా 192.168.10.77, మాస్కు స్లాష్ 27, అంటే చిరునామాలో మొదటి 27 బిట్లు (0, 1 అంకెలు) నెట్‌వర్క్‌వి. అది ఏ నెట్‌వర్క్‌లో ఉంది? అంతవరకు కాన్ఫిగరేషన్ కమాండ్లను గుక్క తిప్పుకోకుండా చెప్పిన అబ్బాయి ఇక్కడ ఆగిపోతాడు. చెయ్యి జేబులోని ఫోను వైపు వెళ్తుంది. నిజానికి ఇందులో ఉన్నదెంత? చుక్కల మధ్య ఉన్న ఒక్కో భాగానికి ఎనిమిది చొప్పున మొత్తం 32 బిట్లలో 27 నెట్‌వర్క్‌కు పోతే మిగిలినవి 5. రెండును అయిదుసార్లు గుణిస్తే 32. అంటే చిరునామాలు 32 చొప్పున గుంపులుగా విడిపోతాయి: 0, 32, 64, 96. మన 77 అనేది 64కూ 96కూ మధ్య ఉంది. కాబట్టి నెట్‌వర్క్ 64, అందరికీ ఒకేసారి పంపడానికి వాడే బ్రాడ్‌కాస్ట్ చిరునామా 95, మధ్యలో యంత్రాలకు ఇవ్వగలిగినవి 65 నుంచి 94 వరకు 30. ఎక్కాలు వచ్చిన ఎవరైనా అర నిమిషంలో నోటితో చేయగల లెక్క.

దీనికి సబ్‌నెట్ (ఇలా విడదీసిన చిన్న నెట్‌వర్క్) లెక్కలు చేసిపెట్టే క్యాలిక్యులేటర్ ఉంది కదా అని మీలో కొందరు అంటారు. పాఠం చెప్పేటప్పుడు కూడా అదే చెబుతున్నారని పిల్లలే అన్నారు. సిస్కో కంపెనీ ఇచ్చే నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్ సీసీఎన్ఏ పరీక్ష హాల్లోకి క్యాలిక్యులేటర్ రానివ్వరన్న సంగతి మీకు వేరే చెప్పనక్కర్లేదు. పరీక్ష సంగతి అలా ఉంచండి. క్యాలిక్యులేటర్‌ను నమ్ముకుంటే పనిలో ఏమవుతుందో నేను దగ్గరగా చూసిన ఒక సంఘటన చెబుతాను.

నగరంలోని ఒక సంస్థకు సికింద్రాబాద్‌లో పాత కార్యాలయం ఉంది. దాని చిరునామాలు 10.20.16.0, స్లాష్ 20. కోకాపేటలో కొత్త కార్యాలయం తెరిచినప్పుడు దానికి 10.20.30.0, స్లాష్ 24 ఇచ్చారు. ఇచ్చిన కుర్రవాడు రెండింటినీ విడివిడిగా క్యాలిక్యులేటర్‌లో పెట్టి చూశాడు. రెండూ సరైనవేనని అది చెప్పింది. నిజమే, విడివిడిగా రెండూ సరైనవే. మరునాటి నుంచి సికింద్రాబాద్‌లో వింత రోగం మొదలైంది. ఒక అంతస్తులో కొన్ని కంప్యూటర్లకు ప్రధాన కార్యాలయంలోని సర్వర్లు అందడం లేదు, పక్క అంతస్తులో అన్నీ బాగానే ఉన్నాయి. కేబుళ్లు మార్చారు. స్విచ్ మార్చారు. సర్వీసు ఇచ్చే కంపెనీవాళ్లతో వాదనకు దిగారు.

కాగితం మీద 16ను, 30ను బైనరీలో, అంటే 0, 1 అంకెలతో రాసి ఉంటే సంగతి అక్కడే తేలిపోయేది. 16 అంటే 00010000. 30 అంటే 00011110. స్లాష్ 20 అంటే మొదటి రెండు అంకెల భాగాల 16 బిట్లు పోగా, మూడో భాగంలో మొదటి నాలుగు బిట్లే నెట్‌వర్క్‌వి. రెండింటిలోనూ ఆ నాలుగూ 0001. అంటే పాత కార్యాలయపు పరిధి 16 దగ్గర మొదలై 31 దాకా విస్తరించి ఉంది, కొత్త కార్యాలయానికి ఇచ్చిన 30 దాని కడుపులోనే ఉంది. రూటర్ ఎప్పుడూ ఎక్కువ బిట్లు కలిసిన దారినే ఎంచుకుంటుంది. అందుకని సికింద్రాబాద్‌లో 10.20.30తో మొదలయ్యే చిరునామా ఉన్న ప్రతి యంత్రానికీ వెళ్లాల్సిన సమాధానం కోకాపేటకు వెళ్లిపోయింది. క్యాలిక్యులేటర్ తప్పు చెప్పలేదు. ఆ రెండూ ఒకదానిలో ఒకటి ఉన్నాయా అని దాన్ని ఎవరూ అడగలేదు. ఆ ప్రశ్న తట్టాలంటే మాస్కు అనేది బిట్ల మధ్య గీసిన గీత అని మనసుకు ఎక్కి ఉండాలి. అది మెనూలో బొత్తాం నొక్కితే వచ్చే జ్ఞానం కాదు.

బైనరీ గురించి ఇంకొక మాట. క్లౌడ్ (ఇంటర్నెట్ ద్వారా అద్దెకు దొరికే సర్వర్లు) వచ్చాక ఇదంతా అక్కర్లేదనే ప్రచారం కూడా వినిపిస్తోంది. అమెజాన్ క్లౌడ్ 2022 నవంబరులో హైదరాబాద్ రీజియన్‌ను ప్రారంభించింది. అందులో మీరు గీసుకునే ప్రతి సబ్‌నెట్‌లోనూ అయిదు చిరునామాలను అమెజాన్ తన కోసం ఉంచుకుంటుంది. అక్కడ అనుమతించే అతి చిన్న సబ్‌నెట్ స్లాష్ 28. పుస్తకం ప్రకారం దానిలో 16 నుంచి నెట్‌వర్క్, బ్రాడ్‌కాస్ట్ చిరునామాలు రెండు తీసేస్తే 14 యంత్రాలు పట్టాలి. అక్కడ పట్టేవి 11. 14 అని కంఠస్థం చేసినవాడు అక్కడ బోల్తా పడతాడు. 16 ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసినవాడికి తీసేయవలసింది రెండా అయిదా అన్నదే తేడా.

అలాగే ఇళ్లకు సీసీ కెమెరాలు బిగించే కుర్రవాళ్లను అడిగి చూడండి. 'బయటి నుంచి ఫోనులో కెమెరా కనిపించడం లేదు' అన్నది వాళ్లకు నిత్యం వచ్చే ఫిర్యాదు. రూటర్ బయటి వైపు చిరునామా 100.64కూ 100.127కూ మధ్య ఉంటే ఆ ఇంటికి సొంత పబ్లిక్ చిరునామా లేదని, ఎందరో చందాదారులు ఒకే చిరునామాను పంచుకుంటున్నారని అర్థం. బయటి నుంచి వచ్చే కనెక్షన్‌ను లోపలి కెమెరాకు మళ్లించే పోర్ట్ ఫార్వర్డింగ్ ఎన్నిసార్లు చేసినా పని జరగదు. 64 నుంచి 127 వరకే ఎందుకు? ఆ పరిధి స్లాష్ 10. మొదటి ఎనిమిది బిట్లు 100కు పోతే రెండో భాగంలో రెండు బిట్లే, అవి 01. మిగిలిన ఆరు బిట్లతో 64 విలువలు. ఐపీ నాలుగో వెర్షన్‌కు ఉన్న మొత్తం చిరునామాలు రెండు ఘాతం 32, అంటే 429 కోట్ల 49 లక్షల 67 వేల 296. ప్రపంచానికంతటికీ పంచే ఉమ్మడి నిల్వ 2011 ఫిబ్రవరి 3న ఖాళీ అయింది. మన ఇంటి కెమెరా కష్టానికి మూలం ఆ సంఖ్యలోనే ఉంది.

ఇక మీ సిలబస్‌లో దాదాపు కనిపించని విషయానికి వస్తాను. డెసిబెల్ (డీబీ), అంటే సిగ్నల్ బలం ఎన్ని రెట్లు పెరిగిందో తగ్గిందో చెప్పే కొలమానం. మీ విద్యార్థులందరూ ఏసీ గదుల్లో కూర్చునే ఉద్యోగాలకే పోరు. ఎంతోమంది ఇంటింటికీ ఫైబర్ ఇచ్చే సంస్థల్లో చేరతారు. బండి మీద నిచ్చెన, భుజాన కేబుల్ చుట్ట, జేబులో కాంతి బలాన్ని కొలిచే పవర్ మీటరు పెట్టుకుని కూకట్‌పల్లి నుంచి ఎల్బీ నగర్ దాకా తిరుగుతారు. ఆ మీటరు చూపించే సంఖ్యను చదవడం వస్తే వాళ్ల జీవితమే మారుతుంది.

లెక్క చూడండి. కంపెనీ చివర నుంచి కాంతి +3 డీబీఎంతో (ఒక మిల్లీవాట్‌తో పోల్చి డెసిబెల్‌లలో చెప్పే బలం) బయల్దేరిందనుకుందాం. దారిలో ఒక స్ప్లిటర్ దాన్ని 32 ఇళ్లకు పంచుతుంది. కాంతిని సగం చేసిన ప్రతిసారీ 3 డీబీ పోతుంది. 32 అంటే అయిదుసార్లు సగం చేయడం, కాబట్టి 15 డీబీ పోవాలి. పరికరంలో జరిగే నష్టం కూడా కలుపుకుంటే సుమారు 17. అయిదు కిలోమీటర్ల ఫైబర్‌లో కిలోమీటరుకు 0.35 చొప్పున 1.75. నాలుగు కనెక్టర్లకు అర చొప్పున 2. మొత్తం 20.75. మూడు నుంచి అది తీసేస్తే ఇంటి దగ్గర రావలసింది దాదాపు −18 డీబీఎం.

మీటరు −25 చూపించిందనుకోండి. ఇంట్లో పెట్టే పెట్టెకు −27 వరకు పనిచేసే శక్తి ఉంది, కాబట్టి పచ్చదీపం వెలుగుతుంది, ఇంటర్నెట్ వస్తుంది. లెక్క రానివాడు సంతకం చేయించుకుని వెళ్లిపోతాడు. లెక్క వచ్చినవాడు నిచ్చెన మళ్లీ వేస్తాడు. ఎందుకంటే రావలసినదానికీ వచ్చినదానికీ 7 డీబీ తేడా ఉంది. 10 డీబీ అంటే పదో వంతు. దానికన్నా 3 తక్కువ నష్టమంటే పదో వంతుకు రెట్టింపు, అంటే అయిదో వంతు. రావలసిన కాంతిలో అయిదో వంతే ఇంటికి చేరుతోంది. ఎక్కడో కేబుల్ మరీ బిగువుగా వంగింది, లేదా కనెక్టర్ మొనకు దుమ్ము పట్టింది. ఇంకో రెండు డీబీ పోయిందంటే ఆ ఇల్లు అంచున ఉన్నట్టే. లాగరిథమ్ పట్టికలేవీ లేకుండా, 3కు సగం, 10కి పదో వంతు అన్న రెండు మాటలతోనే ఇంత తెలుస్తుంది.

డెసిబెల్ వెనుక ఉన్న సంవర్గమానాలు (లాగరిథమ్‌లు) అనగానే పిల్లలు భయపడతారని మీరు అనవచ్చు. తెలంగాణ పదో తరగతి గణిత పుస్తకంలో వాస్తవ సంఖ్యల అధ్యాయంలోనే అవి ఉన్నాయి. తెలుగు మాధ్యమంలో చదివి, ఆ లెక్కలు చేసి, మార్కులు తెచ్చుకుని వచ్చిన పిల్లలు మీ బెంచీల మీద కూర్చున్నారు. అప్పుడు ఎందుకు నేర్చుకున్నారో వాళ్లకు ఎవరూ చెప్పలేదు. చెప్పే అవకాశం ఇప్పుడు మీకుంది. ఎనిమిదో ఎక్కం కూడా అంతే. 100 ఎంబీపీఎస్ (సెకనుకు 10 కోట్ల బిట్లు) లైనులో ఒక గిగాబైట్ ఫైలు దిగడానికి 10 సెకన్లు చాలదా అని వాదించే వినియోగదారుడికి, బైటుకు 8 బిట్లు కాబట్టి 80 సెకన్లు పడుతుందని మర్యాదగా వివరించగలిగే ఉద్యోగిని ఏ సంస్థ అయినా పోగొట్టుకోదు.

ఇంతకన్నా లోతైన ఉదాహరణ ఒకటుంది, ఇది నాకు బాగా ఇష్టమైనది. హైదరాబాద్‌లో ఎన్నో కంపెనీలకు అమెరికాలో కార్యాలయాలున్నాయి. మేనేజరు ఫోను చేసి, 'మేం 100 ఎంబీపీఎస్ లైనుకు డబ్బు కడుతున్నాం, ఆ చివరికి ఫైలు పంపితే రెండున్నర ఎంబీపీఎస్ మించడం లేదు' అంటాడు. వెంటనే లైను కంపెనీ మీద నింద పడుతుంది. కొందరైతే 200 ఎంబీపీఎస్‌కు పెంచుకుంటారు కూడా. వేగం అంగుళం కూడా పెరగదు.

పాత తరహా టీసీపీ (ఇంటర్నెట్‌లో డేటాను పంపే నియమావళి) అవతలివాళ్ల నుంచి రసీదు అందకుండా ఒక దఫాలో పంపగలిగేది 65,535 బైట్లు. అంటే సుమారు 5 లక్షల 24 వేల బిట్లు. ఇక్కడి నుంచి అమెరికాకు వెళ్లి రసీదు తిరిగి రావడానికి 200 మిల్లీసెకన్లు పడితే, సెకనుకు అయిదు దఫాలు. అయిదును 5 లక్షల 24 వేలతో గుణించండి. 26 లక్షల బిట్లు. అదే రెండున్నర ఎంబీపీఎస్. లైను వెడల్పుకు ఇందులో చోటే లేదు. 100 ఎంబీపీఎస్ నిండాలంటే దారిలో ఒకేసారి 2 కోట్ల బిట్లు, అంటే 25 లక్షల బైట్లు ప్రయాణంలో ఉండాలి. ఆ దఫా పరిమాణాన్ని, అంటే విండోను పెంచుకునే పద్ధతి 1992లోనే ప్రామాణికంగా వచ్చింది, దాన్ని ఏదో ఒక పాత పరికరమో ఫైర్‌వాలో అడ్డుకుంటోందేమో చూడాలి. ఒక్క గుణకారంతో నెలనెలా వృథాగా పోయే డబ్బు ఆగుతుంది. ఆ గుణకారం చేసి చూపించిన అమ్మాయిని నేను ఇంటర్వ్యూలో రెండో ప్రశ్న అడగకుండా తీసుకుంటాను.

ఆ 200 మిల్లీసెకన్లను తగ్గించమని కూడా మేనేజర్లు అడుగుతారు. గాజుతీగలో కాంతి వేగం సెకనుకు దాదాపు రెండు లక్షల కిలోమీటర్లు, కిలోమీటరుకు 5 మైక్రోసెకన్లు. న్యూయార్క్ ఇక్కడికి సుమారు 13 వేల కిలోమీటర్లు. తిన్నగా గీత గీసినట్టు కేబుల్ వేసినా రానూ పోనూ 130 మిల్లీసెకన్లు తప్పవు. ఏ కంపెనీ ఎంత డబ్బు తీసుకున్నా దానికి లోపు రాదు. ఆ సంగతి వినయంగా, కాగితం మీద చూపించి చెప్పగలిగినవాడికి సమావేశంలో కుర్చీ దొరుకుతుంది.

రద్దీ లెక్క కూడా చెప్పండి. డెన్మార్క్‌కు చెందిన ఎర్లాంగ్ కోపెన్‌హాగెన్ టెలిఫోన్ కంపెనీలో ఉద్యోగం చేస్తూ 1909లో మొదలుపెట్టిన శాస్త్రమది. దాని సూత్రాలన్నీ పిల్లలకు అక్కర్లేదు. ఒకటి చాలు: ప్యాకెట్లు (డేటా ముక్కలు) తమ ఇష్టం వచ్చినట్టు వస్తున్నప్పుడు, లైను ఎంత భాగం నిండి ఉందో దాన్ని ఒకటి నుంచి తీసేసి, ఒకటిని ఆ మిగిలినదానితో భాగిస్తే, ఆలస్యం ఎన్ని రెట్లు పెరుగుతుందో వస్తుంది. సగం నిండితే రెండు రెట్లు. 80 శాతానికి అయిదు, 90కి పది, 95కి ఇరవై. '90 శాతమే కదా, ఇంకా పది ఖాళీగా ఉంది' అని గ్రాఫు చూసి నిశ్చింతగా ఉండేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. ఆలస్యం పది రెట్ల దగ్గరికి వచ్చేసరికే వీడియో సమావేశాల్లో మాటలు తెగిపోతుంటాయి.

రూటర్లు దారిని ఎంచుకునే పద్ధతి ఓఎస్‌పీఎఫ్ గురించి మీరు చక్కగానే చెబుతున్నారు, డైక్‌స్ట్రా 1959లో ప్రచురించిన అతి దగ్గరి దారి పద్ధతి దాని గుండెకాయ అని పిల్లలు చెప్పగలుగుతున్నారు. ఒక్క భాగహారం మాత్రం వదిలేస్తున్నారు. సిస్కో రూటర్లలో మామూలుగా ఉండే అమరిక ప్రకారం 100 ఎంబీపీఎస్‌ను లింకు వేగంతో భాగిస్తే దాని ఖర్చు వస్తుంది, ఖర్చు తక్కువున్న దారినే రూటర్ ఎంచుకుంటుంది. 100 ఎంబీపీఎస్ లింకుకు ఒకటి. 10 గిగాబిట్ లింకుకు వందో వంతు రావాలి, కానీ ఒకటికి తక్కువ ఉండకూడదు కాబట్టి దానికీ ఒకటే. వంద రెట్ల వేగమున్న దారిని, పాత ఇరుకు దారిని రూటర్ సమానంగా చూస్తుంది. 100 ఎంబీపీఎస్ అన్న ఆ మూల విలువను పెంచాలన్న కమాండు మీ నోట్సులో ఉంది, ఎందుకు పెంచాలో లేదు.

సంభావ్యత దగ్గర మాత్రం మన నగరానికి ప్రత్యేకంగా చెప్పుకోవలసింది ఉంది. ఒక లైను 99 శాతం కాలం పనిచేస్తే ఏడాదిలో మూడున్నర రోజులకు పైగా పడిపోయి ఉంటుంది. అలాంటివి రెండు తీసుకుంటే రెండూ ఒకేసారి పోయే అవకాశం వందో వంతులో వందో వంతు. అంటే 99.99 శాతం లభ్యత, ఏడాదికి సుమారు 53 నిమిషాల అంతరాయం. కాగితం మీద అద్భుతంగా ఉంటుంది. రెండు వేర్వేరు కంపెనీల నుంచి లైన్లు తీసుకున్నాం కాబట్టి నిశ్చింత అని ఆఫీసులు అనుకుంటాయి. ఆ గుణకారం చెల్లాలంటే ఒకటి పోవడానికీ రెండోది పోవడానికీ సంబంధం ఉండకూడదు. మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో రోడ్డు తవ్వుతున్న జేసీబీ పళ్లకు రెండు కంపెనీల కేబుళ్లూ ఒకే కందకంలో దొరికితే? ఒకే కరెంటు స్తంభం మీద రెండూ వేలాడుతుంటే? అప్పుడు రెండు బిల్లులు కడుతున్నా మిగిలేది 99 శాతమే. రెండు లైన్లూ ఏ వీధుల మీదుగా వస్తున్నాయో మ్యాపు అడగాలని తోచడం గణితం నేర్పే జ్ఞానమే. స్వతంత్ర ఘటనలు అని ఇంటర్ పుస్తకంలో చదువుకున్న మాటకు హైదరాబాద్ రోడ్ల మీద కనిపించే రూపం అది.

ఇన్ని చెప్పాక ఒకటి స్పష్టం చేయాలి. కలనగణితం, అవకలన సమీకరణాలు, మాత్రికలు మీ విద్యార్థులకు అవసరమని నేను అనడం లేదు. నెట్‌వర్క్‌ను నడిపే ఉద్యోగాలకు అవి అక్కర్లేదు. కొత్త ప్రోటోకాల్‌లు రూపొందించాలన్నా, రేడియో రంగంలోకి, ఎన్‌క్రిప్షన్ పరిశోధనలోకి వెళ్లాలన్నా అప్పుడు కావాలి, ఆ దారి వేరు. 'నెట్‌వర్కింగ్‌కు బీటెక్ గణితం కావాలి' అని డిగ్రీ పిల్లలను బెదరగొట్టేవాళ్లు చేసే హాని మీ కౌన్సెలింగ్ మాట చేసే హానికి తక్కువేమీ కాదు. కావలసింది 2 యొక్క ఘాతాలు, బైనరీ, హెక్సాడెసిమల్ (16 ఆధారంగా సంఖ్యలు రాసే పద్ధతి), బిట్లకూ బైట్లకూ మార్పులు, నిష్పత్తులు, డెసిబెల్ కోసం సంవర్గమానం, కొద్దిగా సంభావ్యత. వీటిలో పదో తరగతి దాటినది దాదాపు ఏదీ లేదు.

మీ ఇబ్బందులూ నాకు తెలుసు. కోర్సు రెండు మూడు నెలలు. పక్క సంస్థ ఇంకా తక్కువ రోజుల్లో, ఇంకా తక్కువ ఫీజుకు ముగిస్తానంటుంది. మొదటి రోజే బోర్డు మీద బైనరీ రాస్తే డెమో క్లాసుకు వచ్చినవాళ్లు మరునాడు రారేమోనన్న భయం. ఆ భయంతోనే కొందరు పరీక్ష డంప్‌లు (బయటికి పొక్కిన ప్రశ్నలు, జవాబులు) చేతిలో పెట్టి పంపుతున్నారు. డంప్ బట్టీపట్టి సర్టిఫికెట్ తెచ్చుకున్న అబ్బాయి మా ముందు అయిదు నిమిషాలకు మించి నిలబడలేడు. వాడి కళ్లలో అప్పుడు కనిపించే అవమానం చూడటం నాకు ఇష్టం లేదు. వాడు మోసగాడు కాదు. ఇదే దారి అని పెద్దవాళ్లు చెబితే నమ్మి నడిచాడు.

లెక్కలంటే మన పిల్లలు పారిపోతారన్న నమ్మకాన్ని కూడా ఒకసారి పరీక్షించి చూడండి. చదరంగం మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు చొప్పున 64 గళ్లూ నింపితే మొత్తం ఎన్ని గింజలో చెప్పే పాత తెలుగు పద్యం ఒకటుంది. 18446744073709551615 అనే ఇరవై అంకెల సంఖ్యను ఒక్కో అంకెకు ఒక్కో మాట చొప్పున, వెనుక నుంచి ముందుకు, ఛందస్సు తప్పకుండా అందులో పొదిగారు. ఐపీ ఆరో వెర్షన్‌లో మామూలుగా ఒక సబ్‌నెట్‌కు ఇచ్చే స్లాష్ 64లో ఉండే చిరునామాలు సరిగ్గా దానికి ఒకటి ఎక్కువ. నేను ఈ సంగతి చెప్పినప్పుడు ఒక కుర్రవాడు కాగితం తీసి ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది అని రాసుకుంటూ, ఎక్కడ ఆపినా మొత్తం తర్వాతి సంఖ్యకు ఒకటి తక్కువే వస్తోందని తనంతట తాను కనిపెట్టాడు. మాస్కులో ఎనిమిది ఒకట్లు రాస్తే 256 కాకుండా 255 ఎందుకు వస్తుందో ఆ తర్వాత వాడికి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. వాడు ఇంటర్‌లో చదివింది సీఈసీ.

మిమ్మల్ని అడిగేవి ఇవి. కౌన్సెలింగ్ బల్ల దగ్గర 'లెక్కలు అక్కర్లేదు' అనే బదులు 'కావలసిన కొద్ది లెక్కలూ మేమే నేర్పుతాం' అనండి. ఫీజు కట్టేవాళ్లు తగ్గరు, నమ్మకం పెరుగుతుంది. రూటర్ ముట్టుకునే ముందు మొదటి వారం కాగితం, కలంతో గడపనివ్వండి, ఆ వారం ఫోన్లు పక్కన పెట్టించండి. 128, 64, 32, 16, 8, 4, 2, 1 అని ఎనిమిది గళ్లు గీసి ఏ సంఖ్య ఇచ్చినా నింపగలిగేవరకు రెండో పాఠం మొదలుపెట్టకండి. పిల్లలు ఏ భాషలో ఆలోచిస్తారో ఆ భాషలోనే, అంటే తెలుగులోనే ఆ పాఠం చెప్పండి. ల్యాబులో ఒక ఆప్టికల్ పవర్ మీటరు, కొన్ని ప్యాచ్ కార్డులు (పొట్టి ఫైబర్ తీగలు), ఒక స్ప్లిటర్ పెట్టండి. రూటర్‌తో పోలిస్తే వాటి ఖర్చు పెద్దది కాదు. కేబుల్‌ను వేలికి చుట్టి మీటరులో అంకె ఎలా పడిపోతుందో పిల్లలు కళ్లారా చూస్తే డెసిబెల్‌ను మరిచిపోరు. కోర్సు చివర మీరు పెట్టే నమూనా ఇంటర్వ్యూలో ప్రతి కమాండుకూ 'ఎందుకు' అని ఒక్కసారి అడగండి, సమాధానంలో ఒక సంఖ్య ఉండాలని పట్టుబట్టండి.

మీ అధ్యాపకుల్లో కొందరికి ఈ భాగం చెప్పడానికి తీరిక లేకపోవచ్చు. ఈ పని నేను, నా సహోద్యోగులు కొందరు చేయడానికి సిద్ధంగా ఉన్నాం. ఆదివారాలు మాకు సెలవు. రుసుము అక్కర్లేదు, మా పేర్లు మీ బోర్డుల మీద వేయనక్కర్లేదు. ఏ సంస్థ ముందుకొచ్చినా, ఒకటికి మించి సంస్థలు కలిసి ఒకే హాలు ఏర్పాటు చేసినా మాకు సమ్మతమే. వచ్చే బ్యాచ్ మొదలయ్యే తేదీ ఎప్పుడో చెప్పండి, దానికి ముందు వచ్చే ఆదివారం నుంచే మొదలుపెడదాం.

ఇట్లు,
మీ విద్యార్థులతో కలిసి పనిచేస్తున్న ఒక నెట్‌వర్క్ ఇంజినీరు,
హైదరాబాద్